తక్కువ తూకమున జన్మించిన శిశువుల పెంపకము

మన యిండ్లలో బిడ్డ జన్మించెనన్న వార్త చెవిని పడగానే మొదట నడుగు ప్రశ్న ఆడశిశువా, మగశిశువా యని. రెండవది తూకమెంత యని. ఈ రెండవ ప్రశ్న మన తాతమ్మల కాలమున లేదు. ఆస్పత్రి కాన్పులతో వచ్చినది. రెండున్నర కిలోలు దాటెనన్నచో అందఱి మొగములును వికసించును. తక్కువ యన్నచో కొంతసేపెవ్వరును మాటాడరు. పిమ్మట నెవరో యొకరు "తల్లి సరిగా తినలేదేమో" యందురు. మఱియొకరు "ఈ పిల్ల నిలుచునా?" యని పెదవి విఱుతురు. పురిటిమంచము మీది బాలింత యీ మాటలన్నియు వినుచునే యుండును.

తూకము ఒక యంకె. ఆ యంకె యేమి చెప్పును, ఏమి చెప్పజాలదు, అట్టి శిశువు శరీరమే క్రమమున వృద్ధిపొందును, ఆ వృద్ధిని గనిపెట్టుటకు తల్లి యేమి చూడవలెను అను సంగతులు ప్రతి గృహిణియు నెఱిగియుండవలసినవి. మనదేశమున 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, పుట్టుతూకము వ్రాయబడిన శిశువులలో నూటికి 18 మంది రెండున్నర కిలోలకు లోబడియుండిరి. కావున నిది యెక్కడనో యొక యింటి ముచ్చట గాదు. ప్రతి వీథికిని సంబంధించినదే.

చిన్నతనము రెండు విధములు

2,500 గ్రాముల హద్దును 1919 లో ఫిన్లండు దేశపు శిశువైద్యుడు ఆర్వో ఇల్ప్యో సూచించెను. పిమ్మట ప్రపంచారోగ్యసంస్థయు దానినే గైకొనినది. 1,500 గ్రాములకు లోబడిన శిశువును మిక్కిలి తక్కువ తూకము గలదనియు, 1,000 గ్రాములకు లోబడినదానిని అత్యల్పమైన తూకము గలదనియు వైద్యులు వ్యవహరింతురు.

అయినను ఒకే తూకము గల శిశువులందఱును ఒకే రీతివారని తలపరాదు. ఒక శిశువు నెలలు నిండకుండ, అనగా 37 వారములు పూర్తి గాకమున్నే పుట్టి, అందుచే చిన్నదిగా నుండును. ఇది పచ్చికాయ కొమ్మనుండి జాఱినట్లు. దాని యూపిరితిత్తులును, పాలు చప్పరించు నేర్పును, ఒంటివేడిని నిలుపుకొను శక్తియు నింకను పక్వము గాలేదు. వేఱొక శిశువు నెలలు నిండియే పుట్టును గాని గర్భమునందు చాలినంత పోషణ మందక సన్నబడియుండును. ఇది నీరందని చేనిలోని కంకివంటిది. మొదటిదానికి కాలము కావలెను. రెండవదానికి పోషణ కావలెను. కొందఱు శిశువులకు రెండును కావలెను. అందుచే "ఎన్ని కిలోలు" అను ప్రశ్నతోబాటు "ఎన్ని వారములకు" అను ప్రశ్నయు నడిగి, ఆ రెండంకెలను కార్డుమీద వ్రాయించుకొనుట తల్లి చేయవలసిన మొదటి పని.

ఈ విచారము మన పూర్వులకు క్రొత్త గాదు. చరకసంహిత శారీరస్థానమున, కడుపులోని పిండము పెరుగక నిలిచిపోవు స్థితులకు ఉపవిష్టకమనియు నాగోదరమనియు పేర్లు పెట్టి, గర్భిణి యాహారమును చక్కబఱచుటయే చికిత్సగా చెప్పబడినది. భారతమున గాంధారి గర్భమునుండి వెలువడిన మాంసపిండమును వ్యాసమహర్షి నూటయొక్క ఖండములుగా విభజింపించి నేతికుండలలో భద్రపఱపించిన కథ మనమందఱమును చదివినదే. కథ కథయే యైనను, పక్వము గాక వెలువడిన జీవమునకు గర్భమును బోలిన వెచ్చని చోటొకటి కావలెనన్న యూహ యందు కలదు.

వెచ్చదనము, పాలు

నేడు ఆస్పత్రులలో ఆ చోటు గాజుపెట్టె. ఆ పెట్టెలు చాలని చోట ఏమి చేయవలెను? కొలంబియా దేశమందలి బొగోటా నగరమున 1978 లో ఎడ్గార్ రే సనాబ్రియా యను వైద్యునకు ఈ చిక్కే వచ్చినది. ఆయన శిశువును తల్లి ఱొమ్ముల నడుమ నిలువుగా, చర్మమునకు చర్మము తగులునట్లుంచి గుడ్డతో చుట్టించెను. కంగారూ యను జంతువు తన కూనను కడుపుసంచిలో మోయునట్లుండుటచే దీనికి కంగారూ సంరక్షణ మను పేరు వచ్చినది. పేరులో కంగారున్నను పనిలో కంగారు లేదు. తల్లి యొంటివేడి శిశువునకు సంక్రమించును; ఆమె యూపిరితో శిశువు నూపిరియు కుదుటబడును; చేరువనే పాలుండును.

ఇది బీదవారి కొఱకైన తాత్కాలికోపాయ మని కొందఱు తలచిరి. 2021 లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధన యా తలంపును తొలగించినది. భారతదేశము, ఘానా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశముల ఆస్పత్రులలో, ఒక కిలో మొదలు 1.8 కిలోల వఱకు తూకము గల శిశువులను కొందఱిని పుట్టిన వెంటనే తల్లి యెదకు చేర్చిరి. కొందఱిని, వాడుకగా చేయునట్లు, ముందు పెట్టెలో నుంచి కుదుటబడిన పిమ్మట చేర్చిరి. వెంటనే చేర్చబడినవారిలో మొదటి 28 దినముల మరణములు నాలుగవ వంతు తగ్గినవి. తల్లి యలసినపుడు తండ్రియో, అమ్మమ్మయో, నాయనమ్మయో యీ పని చేయవచ్చును. మన యిండ్లలో మగవారు పసిబిడ్డను ఱొమ్మున కట్టుకొని కూర్చుండుటకు సిగ్గుపడుదురు. ఆ సిగ్గును పోగొట్టవలసినవారము మనమే.

ఇక పాలు. ముఱ్ఱుపాలు పిండి పాఱబోయువా రింకను అక్కడక్కడ కలరు. చిన్నశిశువునకు మొదటి రక్షణ యవియే. 34 వారములకు ముందు పుట్టిన శిశువు చప్పరించుట, మ్రింగుట, ఊపిరి దీయుట యను మూడింటిని కూర్చుకొనలేదు. అట్టి శిశువు చన్ను పట్టలేదని పాలు లేవనుకొనరాదు. తల్లి తన పాలను పరిశుభ్రముగా పిండి, ఆస్పత్రివారు చూపిన విధమున పట్టవలెను. సీసా, రబ్బరుతిత్తి వలదు. మన పాత ఉగ్గుగిన్నెయే దీనికి తగినది. దక్షిణదేశపు ఆస్పత్రులలో పాలాడ యను పేర వాడుచున్నది యిట్టి ముక్కు గల గిన్నెనే. నీటిలో బాగుగ మఱగించి, బిడ్డ తల యెత్తి పట్టుకొని, పెదవి యంచున కొద్దికొద్దిగా నందింపవలెను.

తల్లిపాలు చాలనపుడు వేఱొక తల్లి యిచ్చిన పాలను శుద్ధిచేసి యిచ్చు నిధులు నేడు పెద్ద ఆస్పత్రులలో నున్నవి. హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రిలోని నిధికి ధాత్రి యని పేరు. ధాత్రి యనగా పాలిచ్చి పెంచు దాది. ఆ యాస్పత్రి పుట్టుకయు స్మరింపదగినదే. నిజాము కోడలు నీలోఫర్ రాకుమారి పరిచారిక 1949 లో కాన్పుకష్టమున మరణించెను. ఆ దుఃఖముతో రాకుమారి స్త్రీలకును శిశువులకును వేఱుగ నొక ఆస్పత్రి కావలెనని పూనుకొనగా, 1953 లో అది వెలసినది.

మాన్పవలసినవి కొన్ని గలవు. పుట్టగానే నాలుకకు తేనె, ఆముదము రాచుట. బొడ్డుమీద బూడిద, పసుపు పెట్టుట. తక్కువ తూకపు బిడ్డకు దినదినము తలంటి, సాంబ్రాణి పొగ పట్టుట. లేతయైన ఊపిరితిత్తులకు ఆ పొగ విషతుల్యము. స్నానము సంగతి వైద్యు నడిగి చేయవలెను. అంతవఱకు వెచ్చని తడిగుడ్డతో తుడిచిన చాలును.

దిద్దిన వయస్సు

కేతకీ సంగమేశ్వరస్వామి క్షేత్రమైన మా ఝరాసంగమున మా వీథిలో నొక యింట ఏడు వారములు ముందుగా నొక ఆడుబిడ్డ జన్మించినది. తూకము 1,700 గ్రాములు. మూడు వారములు ఆస్పత్రిలో నుండి యింటికి వచ్చినది. తొమ్మిదవ నెల నిండినపుడు పొరుగింటి పెద్దమ్మ తన మనుమని చంక నెత్తుకొని వచ్చి, "మావోడు ఆరో నెలల్నే కూసున్నడు. మీ పిల్ల ఇంకా కూసుంటలేదేందమ్మా?" అని యడిగినది. ఆమె మాటలో దురుద్దేశము లేదు. కాని యా రాత్రి తల్లి యన్నము ముట్టలేదు. మఱునాడు అత్తగారు చనుబాలు మాన్పించి డబ్బాపాలు పట్టవలెననియు, బిడ్డకు తాయెత్తు కట్టింపవలెననియు పట్టుపట్టినది.

ఆ వారము ఆశా కార్యకర్త వచ్చి కార్డు తీసి వ్రేళ్లమీద లెక్కించి చూపినది. "అత్తమ్మా, ఈ పిల్ల తొమ్మిది నెలల పిల్ల గాదు. ముంగట పుట్టిన ఏడు వారాలు తీసెయ్యి. ఏడు నెలల పిల్ల. ఏడు నెలల పిల్ల జేసేటియి అన్నీ జేస్తున్నది." అత్తగారు కార్డును చేతికి తీసికొని చాలసేపు చూచినది. తాయెత్తు కట్టిరి; పాలు మాత్రము మాన్పలేదు. పదియవ నెలలో నా బిడ్డ కూర్చున్నది. పదునాఱవ నెలలో నడచినది.

ఆ కార్యకర్త చేసిన లెక్కకు వైద్యులు దిద్దిన వయస్సని పేరిడిరి. నెలలు నిండక పుట్టిన బిడ్డ వయస్సులో, 40 వారములకు తక్కువైన వారములను తీసివేసి, మిగిలినదానితో పోల్చి చూడవలెను. రెండేండ్లు నిండువఱకు ఎదుగుదల విషయమున నీ లెక్కయే న్యాయము. ఆఱునెలల పిదప మెత్తని యన్నము పెట్టుటకును దీనినే చూచుకొనవలెను. టీకాల విషయమున మాత్రము దీనిని వాడరాదు. అవి పుట్టినదినము ననుసరించియే వేయింపవలెను.

ఆరోగ్యవంతులైన శిశువులలోనైనను భేదము మెండు. ప్రపంచారోగ్యసంస్థ పరిశీలించిన బిడ్డలలో ఆనిక లేక కూర్చుండుట నాలుగవ నెల మొదలు తొమ్మిదవ నెల దాటువఱకును, ఒంటరిగ నడచుట ఎనిమిదవ నెల మొదలు పదునేడవ నెల దాటువఱకును గనబడినది. ఇంత వెడల్పైన హద్దులలో నొక బిడ్డను మఱియొక బిడ్డతో పోల్చి యేడ్చుట వ్యర్థము.

అయినను దిద్దిన వయస్సు సోమరితనమునకు సాకు గారాదు. దిద్దిన లెక్కచొప్పున నాలుగు నెలలు దాటినను మెడ నిలుపకున్నను, కాళ్లుచేతులు బిగిసియుండినను, ఒక ప్రక్క చేతినే వాడి రెండవదానిని ముడిచియుంచినను, శబ్దమునకు ఉలికిపడకున్నను, తల్లి మొగమును చూపుతో వెంబడింపకున్నను, "మెల్లగా వచ్చునులే" యని యూరకుండక వైద్యునకు చూపవలెను. చిన్నతనమున నారంభించిన వ్యాయామచికిత్సకు ఫలము హెచ్చు.

కంటిసంగతి వేఱుగ చెప్పవలసియున్నది. రెండు కిలోలకు లోబడిన శిశువులకును, 34 వారములకు ముందు పుట్టినవారికిని కంటి లోపొరలోని రక్తనాళములు వక్రముగ పెరిగి చూపు పోవచ్చును. పైకి కన్ను చక్కగనే యుండును. అందుచే పుట్టిన ముప్పది దినములలోపల కంటివైద్యునిచే పరీక్షింపించుట తప్పనిసరి. సకాలమున చికిత్స జరిగినచో చూపు నిలుచును. హైదరాబాదునందు 1987 లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ యీ పనిలో పేరెన్నికగన్నది.

ఎదుగుదలకు కొలతలు

మొదటి వారమున ఏ శిశువైనను కొంత తూకము కోల్పోవును. పదియవ వంతువఱకు తగ్గుట కలదు. నెలలు నిండని శిశువు మఱికొంత తగ్గవచ్చును. రెండు వారములకు పుట్టుతూకమునకు మరలి రావలెను. ఇంటికి వచ్చిన పిదప దినమునకు 20 మొదలు 30 గ్రాముల చొప్పున పెరుగుచున్నచో సంతోషింపవలసినదే.

తూకమొక్కటియే చాలదు. పొడవును, తలచుట్టుకొలతయు చూడవలెను. తల మొదటి మూడు నెలలలో నెలకు రెండు సెంటీమీటర్లు, తరువాతి మూడు నెలలలో నెలకొక సెంటీమీటరు, పిదప సంవత్సరము నిండువఱకు నెలకు అర సెంటీమీటరు సుమారుగ పెరుగును. తల పెరుగుట మెదడు పెరుగుటకు గుర్తు. కొలతనాడ యొకటి యున్నచో అంగన్‌వాడీలో నిమిషములో కొలువవచ్చును.

ఈ యంకెలను చుక్కలుగ కార్డుమీద పెట్టి గీతతో కలుపుదురు. అందలి ప్రమాణగీతలు 2006 లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినవి. వానికై యాఱు దేశముల శిశువులను పరిశీలించిరి; అందు మన ఢిల్లీ శిశువులును గలరు. తల్లిపాలు, శుభ్రమైన యిల్లు, తగిన తిండి యున్నచో అన్ని దేశముల శిశువులును మొదటి యైదేండ్లలో నించుమించొకేరీతిగ పెరుగుదురని తేలినది. కనుక "మా వంశమే పొట్టి" యని తొందరపడి తీర్మానింపరాదు.

చిన్నదిగ పుట్టిన బిడ్డ గీత ప్రమాణగీతకు క్రిందనే మొదలగును. చూడవలసినది గీత యెచ్చట నున్నదని కాదు, ఎటు పోవుచున్నదని. క్రిందినుండియైనను నెలనెలకు పైకెక్కుచున్నచో బిడ్డ బాగుగ నున్నది. రెండు నెలలు వరుసగ గీత చదునుగ నున్నచో, లేక వంగినచో, కారణము వెదకవలెను. నెలలు నిండి చిన్నవిగ పుట్టిన శిశువులు సరియైన పోషణ గలచో పదింట ఎనిమిది తొమ్మిదిమంది వఱకు రెండేండ్లలోపల పొడవున తోటివారి నందుకొందురు. నెలలు నిండక పుట్టినవారికి మఱికొంత కాలము పట్టును.

ఈ కనిపెట్టుట పెద్దచదువు లేని స్త్రీలును చేయగలరని మన పొరుగుననే, తెలంగాణమునకు సరిహద్దైన గడ్చిరోలిలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు నిరూపించిరి. గ్రామస్త్రీలకు తూకము వేయుట, వెచ్చగ నుంచుట, రోగలక్షణములు గుర్తించుట నేర్పి యింటింటికి పంపగా, మూడవ యేటికి నవజాతశిశు మరణములు నూటికి 62 వంతులు తగ్గినవి. 1999 లో నిది ప్రకటింపబడినది. నేడు ఆస్పత్రిలో కాన్పైన తల్లి యింటికి 3, 7, 14, 21, 28, 42 దినములలో ఆశా కార్యకర్త వచ్చు నేర్పాటునకు మార్గదర్శకము ఆ పనియే. ఆమెను గుమ్మముననే నిలిపి పంపివేయక లోనికి పిలిచి, బిడ్డ గుడ్డలు విప్పి చూపవలెను.

పాలు త్రాగకుండుట, ఒళ్లు చల్లబడుట లేక కాలుట, నిమిషమునకు అఱువది మాఱులకు మించి యూపిరి దీయుట, డొక్క లెగురవేయుట, అరచేతులకును అరికాళ్లకును పచ్చదనము ప్రాకుట, మూర్ఛ, మగతగ పడియుండుట — వీనిలో నేది గనబడినను తెల్లవాఱువఱకు వేచియుండరాదు.

బొద్దుతనము బలము గాదు

బిడ్డ చిన్నదిగ పుట్టినదన్న బెంగతో కొందఱు తల్లులు త్వరలో బొద్దుచేయవలెనని చక్కెరపాలు, బిస్కత్తులు, డబ్బాపిండ్లు పట్టుదురు. ఇది ప్రమాదము. పూనానగరపు చేరువనున్న ఆఱు గ్రామములలో 1993 మొదలు వైద్యుడు యాజ్ఞిక్ గారును వారి సహచరులును గర్భిణులను, శిశువులను పరిశీలించిరి. అచటి శిశువుల సగటు పుట్టుతూకము సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులోని శిశువులతో పోల్చగా వీరు కండలో మిక్కిలి తక్కువయై, క్రొవ్వులో మాత్రమంత తక్కువ గాక యుండిరి. చూపునకు సన్నము, లోన క్రొవ్వు. ఇట్టి శరీరమునకు కావలసినది కండయు, ఎముకయు, పొడవును. పైపై క్రొవ్వు గాదు.

ఢిల్లీలో 1969–72 నడుమ పుట్టినవారిని యౌవనమువఱకు వెంబడించి 2004 లో ప్రకటించిన పరిశోధనయు నీ మాటనే బలపఱచినది. రెండేండ్లవఱకు బక్కగ నుండి, తరువాత బాల్యమున త్వరత్వరగ లావెక్కినవారిలో మధుమేహము, దానికి పూర్వస్థితి యెక్కువగ గనబడినవి. కాబట్టి పోషణ మొదటి రెండేండ్లలోనే పడవలెను. అదియు పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూర, నెయ్యి చుక్క గల మెత్తని అన్నమై యుండవలెను.

మన హైదరాబాదు చేరువ జరిగిన పని యింకను ఆశాజనకము. 1918 లో కూనూరున ప్రారంభమై 1958 లో హైదరాబాదు చేరిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థవారు 1987–90 సంవత్సరములలో 29 గ్రామములను తీసికొని, కొన్నిటిలో గర్భిణులకును ఆఱేండ్లలోపు బిడ్డలకును మొక్కజొన్న, సోయాపిండితో వండిన ఉప్మా నిత్యము పెట్టించిరి. తక్కిన గ్రామములకు ఆ పథక మప్పటికి రాలేదు. ఆ బిడ్డలు 13 మొదలు 18 ఏండ్ల వయస్సువా రైన పిమ్మట, 2003–05 లో మరల పరీక్షించిరి. తిండి పెట్టిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండిరి; వారి రక్తనాళములు తక్కినవారికంటె మెత్తగ నుండెను; మధుమేహమునకు దారితీయు లక్షణములును తక్కువగ నుండెను. ఇది తక్కువ తూకపు బిడ్డలకు మాత్రమే చేసిన పరీక్ష గాదు. కాని కడుపునందును తొలియేండ్లలోను పడిన గిన్నెడు ఉప్మా పదునైదేండ్ల పిదపను దేహమున గనబడుట మనము మఱువరానిది.

గర్భిణి కంచము

బిడ్డ యెదుగుదల పుట్టుకతో నారంభము గాదు. "ఎక్కువ తిన్నచో బిడ్డ లావై కాన్పు కష్టమగును" అని కోడలి కంచములో ముద్ద తగ్గించు నత్తగారు లింకను కలరు. అందఱును తినిన పిదప మిగిలినదే కోడలికను ఆచారమును కలదు. పూనా గ్రామములలో పాలును, ఆకుకూరలును, పండ్లును హెచ్చుగ తినిన గర్భిణుల బిడ్డలు హెచ్చు తూకమున పుట్టిరి. వీనిలో ఆకుకూరకు మా జహీరాబాదు సీమలో కొదువ లేదు. వానకాలమున జొన్నచేలలో, కందిచేలలో విత్తకయే మొలచు గునుగు, దొగ్గలి, తుమ్మి, పాయల, పొన్నగంటి కూరలు కోసికొనువారి సొమ్ము. పస్తాపూరునందలి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 మొదలు గ్రామస్త్రీల సంఘములతో పనిచేయుచు, జొన్న, కొఱ్ఱ, సామలతోబాటు ఈ విత్తని కూరల విలువను చాటినది. మా ఝరాసంగము మండలములోని మాచ్నూరునుండి 2008 అక్టోబరు 15 న ఆ స్త్రీలే నడుపు సంఘం రేడియో మాటాడ నారంభించినది. పంటలు, తిండి, ఆరోగ్యము అందలి ముచ్చటలు.

జొన్నరొట్టె, పప్పుతో కలిపిన ఆకుకూర, గ్రుడ్డు, గ్లాసెడు పాలు, వైద్యులిచ్చిన ఇనుపమాత్రలు, మధ్యాహ్నమున రెండు గంటల విశ్రాంతి — ఇవి గర్భిణికి కావలసినవి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పేర 2015 లో నారంభమైన పూటభోజనమును నామోషీ యని మానరాదు. అచట తిన్నదని యింటి కంచములో తగ్గింపను రాదు. పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లి చేయుట, కాన్పునకు కాన్పునకు నడుమ మూడేండ్లైన ఎడము లేకుండుట, రక్తహీనతను గమనింపకుండుట — చిన్నశిశువుల జననమునకు నివియు ముఖ్యకారణములు. ఇవి బాలింత యొక్కతె తప్పులు గావు. ఇంటివా రందఱును చేతులు కలిపి దిద్దవలసినవి.

సోదరీమణులారా! తక్కువ తూకపు బిడ్డ పుట్టిన యింటికి మీరు పోవునపుడు తూకమెంత యని యడిగి యూరకుండకుడు. ఎన్ని వారములకు పుట్టినదో యడుగుడు. పాలు పిండుట తల్లికెవరైన చూపిరా, కంటిపరీక్ష జరిగినదా, కార్డుమీద గీత యెటు పోవుచున్నది యని విచారింపుడు. పోవునపుడు రెండు జొన్నరొట్టెలును ఆకుకూరపప్పును పట్టుకొనిపొండు. వంటింటి పని యందుకొని, బిడ్డను ఱొమ్మున నుంచుకొన్న యా తల్లిని ఒక గంట కనులు మూయనిండు.